షూ కరుస్తోందా? కొత్తది కొనే ముందు లేసులు ఒకసారి విప్పి చూడండి

కొత్త రన్నింగ్ షూ కొన్న పది రోజులకి మా రన్నింగ్ గ్రూపులో ఎవరో ఒకరు నాకు మెసేజ్ పెడతారు, "అన్నా షూ కరుస్తోంది, మార్చేయాలా" అని. నేనేదో ఎక్స్‌పర్ట్ అని కాదు, మొదటి హాఫ్ మారథాన్‌లో రెండు కాళ్ళ బొటనవేలి గోళ్ళూ పోగొట్టుకున్నవాడిని కాబట్టి ఈ డిపార్ట్‌మెంట్ నాకిచ్చేశారు. నేను తిరిగి అడిగేది ఒక్కటే, ఎక్కడ కరుస్తోంది? మడమ దగ్గరా, మీగాలి మీదా, చిటికెన వేలి పక్కనా, గోరు దగ్గరా? సగం మంది "మొత్తం అన్నా" అంటారు. మొత్తం కరిచే షూ ఉండదండీ, ఎక్కడో ఒకచోట మొదలై అక్కణ్ణుంచి పాకుతుంది, ఆ మొదటి చోటు దొరికితే సగం పని అయిపోయినట్టే. ఎందుకంటే లేసు మార్చి కడితే బాగుపడేవి కొన్ని ఉన్నాయి, ఎంత కట్టినా ఛస్తే బాగుపడనివి కొన్ని ఉన్నాయి, ఏది ఏదో చెప్పేది ఆ చోటే.

ముందు పాత షూ తీయండి

అటక మీదో, బాల్కనీలోనో పాత రన్నింగ్ షూ పడుంటుంది కదా, అది తెచ్చి లోపల చెయ్యి పెట్టి చూడండి. మడమ వెనక లోపలి గుడ్డ చిరిగి ప్లాస్టిక్ తగులుతుంటే, పరిగెత్తినన్నాళ్ళూ మీ మడమ పైకీ కిందికీ జారుతూనే ఉందన్నమాట. బొటనవేలి పైన మెష్‌కి, అంటే పైనుండే జాలీ గుడ్డకి, చిల్లు పడిందంటే షూ పొట్టిదన్నా అయ్యుండాలి, లేదా మీకు అడుగేసేటప్పుడు వేలు పైకెత్తే అలవాటన్నా ఉండుండాలి. చిటికెన వేలి వైపు గుడ్డ ఉబ్బి సోల్ దాటి బయటికి వాలిపోయిందంటే వెడల్పు చాల్లేదని అర్థం. తర్వాత లోపలి ఇన్‌సోల్ బయటికి లాగి చూడండి, దాని మీద వేళ్ళ గుర్తులు నల్లగా పడుంటాయి, ఆ గుర్తులు ముందు అంచుకి ఆనుకుని ఉన్నాయా లేక వేలెడు ఖాళీ ఉందా అనేది చూస్తే సైజు సంగతి షాపు వాడికన్నా మీకే బాగా తెలిసిపోతుంది.

ఇదే ఇన్‌సోల్‌తో ఇంకో టెస్ట్ ఉంది. కొనబోయే షూలోది తీసి నేల మీద పెట్టి దాని మీద నిలబడండి, కూర్చుని కాదు, నిలబడి, బరువంతా వేసి. పాదం పక్కల నుంచి పొర్లిపోతుంటే ఆ షూ మీకు ఇరుకు, కట్టుకున్నాక గుడ్డ సాగుతుందిలే అని సేల్స్ అబ్బాయి ఎంత చెప్పినా సరే. సాగేది గుడ్డే, కింద సోల్ సాగదు కదా.

అసలు గొడవ పొడవుతో కాదు, వెడల్పుతో

మనవాళ్ళలో నేను చూసిన ఫిట్ సమస్యల్లో ఎక్కువ భాగం ఒకే గొలుసు. పాదం ముందు భాగం వెడల్పు, షూ అక్కడ ఇరుకు, దాంతో షాపులో ఒక సైజు పెద్దది తీసుకుంటాం, ముందు హాయిగా ఉంటుంది గానీ ఇప్పుడు షూ పొడుగైపోయింది కాబట్టి మడమ జారుతుంది, మడమ జారుతోందని లేసు బిగించి కడతాం, లేసు బిగించేసరికి మీగాలి మీద నరం నొక్కుకుని మూడో కిలోమీటరుకి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, అప్పుడు "ఈ బ్రాండ్ మనకి పడదు" అని ఇంకోటి కొంటాం, మళ్ళీ ఒక సైజు పెద్దది.

ఇది నా అనుమానం మాత్రమే కాదు. చెన్నైలో ఉన్న సెంట్రల్ లెదర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల 1,01,880 మంది పాదాలు కొలిచారు, మన పాదాలు యూరప్, అమెరికా వాళ్ళ పాదాల కన్నా వెడల్పని అందులో తేలింది, దాని మీదే మనకంటూ 'భా' అనే సైజు పద్ధతి పెట్టాలని ప్రతిపాదించారు. మనం ఇప్పటిదాకా వాడేది బ్రిటిష్ వాళ్ళ యూకే నంబర్లే. అది కూడా ఎలాంటి కొలతంటే, అంగుళంలో మూడో వంతు ఒక సైజు, ఆ మూడో వంతుకి వాళ్ళ పాత లెక్కలో పేరు బార్లీ గింజ. మిల్లీమీటర్లలో ఒక సైజుకీ ఇంకో సైజుకీ తేడా 8.5 దాకా ఉంటుంది, హాఫ్ సైజు అంటే 4.2. వినడానికి చిన్నదే గానీ గోరు ఉండటానికీ ఊడటానికీ ఆ 4 మిల్లీమీటర్లు చాలు.

ఇంకో తలనొప్పి, ఒక్కో బ్రాండుది ఒక్కో లెక్క. నైకీలో, ఏసిక్స్‌లో మగవాళ్ళ యూకే 8 అంటే 27 సెంటీమీటర్లు, అడిడాస్‌లో అదే యూకే 8 అంటే 26.5. కాబట్టి "నాది ఎనిమిది" అని ఆన్‌లైన్‌లో కళ్ళు మూసుకుని ఆర్డర్ పెట్టకండి. షూ నాలిక లోపల చిన్న లేబుల్ ఉంటుంది చూడండి, యూఎస్, యూకే, ఈయూఆర్ అని వరసగా నంబర్లు, వాటి పక్కన సీఎం అనో జేపీ అనో ఇంకో నంబరు, అది పొడవు కొలత, దాన్ని ఎవరూ పట్టించుకోరు గానీ బ్రాండు మారేటప్పుడు చూసుకోవాల్సింది దాన్నే. సాయంత్రం పూట, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, గోడకి మడమ ఆనించి తెల్ల కాగితం మీద నిలబడి, అన్నిటికన్నా పొడుగు వేలి దగ్గర పెన్సిల్ గీత గీసి స్కేలుతో కొలవండి, రెండు కాళ్ళూ కొలవండి, దాదాపు అందరికీ ఒకటి కాస్త పెద్దదే ఉంటుంది, పెద్ద కాలికే కొనాలి.

పొడుగు వేలు అన్నాను, బొటనవేలు అనలేదు, గమనించారా. చాలామందికి పక్క వేలే పొడుగు. అమ్మాయికి అలా ఉంటే మొగుడి మీద పెత్తనం చేస్తుందని మా అమ్మమ్మ అనేది, పెత్తనం సంగతేమో గానీ రన్నింగ్ షూలో ముందు నల్లబడేది మాత్రం ఆ వేలి గోరే. షాపులో నిలబడినప్పుడు ఆ పొడుగు వేలికీ షూ కొసకీ మధ్య మీ చేతి బొటనవేలి మందం ఖాళీ ఉండాలి, ఆఫీసు షూకి ఇంత అక్కర్లేదు, పరిగెత్తే షూకి కావాలి.

వెడల్పు పాదం వాళ్ళకి సరైన మందు సైజు పెంచడం కాదు, అదే సైజులో వెడల్పు షూ వెతకడం. మగవాళ్ళ షూలో మామూలు వెడల్పుని డి అంటారు, వెడల్పువి 2ఈ, ఇంకా వెడల్పువి 4ఈ. ఆడవాళ్ళకి మామూలుది బి, వెడల్పుది డి. న్యూ బ్యాలెన్స్, ఏసిక్స్, బ్రూక్స్ వాళ్ళు కొన్ని మోడల్స్‌కి ఇవి చేస్తారు, షాపులో ర్యాక్ మీద కనపడకపోయినా అడగండి, కొన్నిసార్లు వాళ్ళ ఆన్‌లైన్ స్టోర్లో ఉంటాయి. ఆడవాళ్ళకి వెడల్పు దొరక్కపోతే మగవాళ్ళ మోడల్ వేసి చూడటం తప్పేం కాదు, సెంటీమీటర్ల నంబరు చూసుకుని తీసుకోండి, రంగు నచ్చకపోవచ్చు, అది మీ ఇష్టం.

ఇదంతా కొనేటప్పటి మాట. ఇప్పటికే కొనేశాం, రిటర్న్ టైమ్ అయిపోయింది, డబ్బులు ఊరికే రావు, అప్పుడేంటి? అప్పుడే లేసులు.

మడమ జారుతుంటే

మీ షూ పైన, ముడి వేసే చోట, బెజ్జాల వరసలో ఆఖర్న ఒక బెజ్జం మిగతా వాటికన్నా కాస్త వెనక్కి జరిగి ఉంటుంది. చాలామంది అది వాడరు, కంపెనీ నుంచి కూడా అది ఖాళీగానే వస్తుంది, దాంతో అదేదో గాలి ఆడటానికి పెట్టారేమో అనుకుంటారు. అది మడమ లాక్ కోసం.

కట్టేది ఇలా. ఆఖరి బెజ్జానికి ముందు బెజ్జం దాకా మామూలుగా అడ్డంగా అల్లుకుంటూ రండి. ఇప్పుడు కుడి లేసు కొస పట్టుకుని అవతలి వైపుకి దాటించకుండా, అదే కుడి వైపు, పైనున్న ఆ ఆఖరి బెజ్జంలోకి బయట నుంచి లోపలికి దూర్చండి, కానీ మొత్తం లాగేయకండి, రెండు బెజ్జాల మధ్య బయట వైపు చిన్న ఉంగరంలా లేసు మిగలాలి, చిటికెన వేలు పట్టేంత చాలు. ఎడమ వైపు కూడా అంతే. ఇప్పుడు రెండు వైపులా రెండు ఉంగరాలు, లోపల నుంచి రెండు కొసలు. కుడి కొసని ఎడమ ఉంగరంలోంచి, ఎడమ కొసని కుడి ఉంగరంలోంచి దూర్చి లాగండి.

ఇక్కడే అందరూ చేసే తప్పు, కొసల్ని పైకి లాగుతారు. పైకి కాదు, ముందు పక్కలకి, కాస్త కిందికి, మడమ వైపు లాగాలి, అప్పుడు ఉంగరాలు బిగుసుకుని చీలమండ చుట్టూ ఉండే షూ పై అంచు దగ్గరికి వచ్చి పట్టుకుంటుంది. లాగేముందు ఇంకో పని, వేళ్ళు పైకెత్తి మడమని నేలకేసి రెండుసార్లు తట్టండి, పాదం వెనక్కి వెళ్ళి కూర్చుంటుంది. మడమ ముందుకు జరిగి ఉండగా కట్టిన లాక్, తలుపు తీసి పెట్టి తాళం వేసినట్టే. ఆ తర్వాత మామూలు ముడి వేసుకోండి.

బాగా కుదిరిందో లేదో చూడాలంటే మెట్లు ఎక్కండి. మడమ లేస్తూ ఉంటే ఆ షూ మీకు పొడుగు, లేదా దాని మడమ గిన్నె, అంటే మడమని వెనక నుంచి పట్టుకునే గట్టి భాగం, మీ మడమకన్నా వెడల్పు, లేసుతో ఇంతకన్నా ఏం చేయలేం. ఈ కట్టు వేశాక లేసు కొసలు పొట్టిగా అయిపోతాయి, ముడి పడటం కష్టంగా ఉంటే కాస్త పొడుగు లేసు కొనుక్కోండి, ఉన్నదాన్నే పీకి పీకి కడితే మళ్ళీ మీగాలి గొడవ మొదలవుతుంది.

మీగాలి నొప్పి, తిమ్మిరి

కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి, అంటే పోలీసు ఉద్యోగాల పరుగు పరీక్షలకి, ప్రాక్టీస్ చేసే కుర్రాళ్ళు మా గ్రౌండ్‌కి తెల్లారకుండానే వస్తారు, 1600 మీటర్లు వాళ్ళది, నాలుగు రౌండ్లు. అందులో ఒకతను రెండో రౌండుకే ఆగిపోయి కాలు విదిలిస్తున్నాడు. ఏమైంది తమ్ముడూ అంటే "కాలు మొద్దుబారుతోంది అన్నా, సూదులు గుచ్చినట్టుంది" అన్నాడు. షూ విప్పమన్నాను. మీగాలి మీద లేసు అచ్చు గుద్దినట్టు ఇంటూ గుర్తులు, మధ్యలో ఎముక ఎత్తుగా ఉన్నచోట ఎర్రగా కంది ఉంది. సైజు చూస్తే 9, నీదెంత అంటే 8. వాళ్ళ అన్న షూ అది. పెద్దదైంది కాబట్టి పీకి పీకి కట్టాడు, కట్టినకొద్దీ నరం నొక్కుకుంది.

కొత్త షూ కొనమని చెప్పే పరిస్థితి కాదు, ఈవెంట్స్ రెండు వారాల్లో ఉన్నాయి. ముందు లేసు పైనుంచి విప్పుతూ ఆ ఎర్రటి చోటు దాకా వచ్చాం. ఆ చోటికి సరిగ్గా కింద ఉన్న బెజ్జాల జత దగ్గర ఆగి, అక్కణ్ణుంచి లేసుని అవతలికి దాటించకుండా, ఏ వైపుది ఆ వైపే నిలువుగా పై బెజ్జంలోకి తీసుకెళ్ళాం, ఆ తర్వాత మళ్ళీ మామూలుగా అడ్డంగా అల్లాం. పైనుంచి చూస్తే మధ్యలో ఒక కిటికీ లాగా ఖాళీ కనపడుతుంది, నొప్పి ఉన్న చోటు మీద లేసే లేదు. నిలువుగా వెళ్ళేటప్పుడు లోపలికి దూర్చారా బయటికి తీశారా అనేది పెద్ద విషయం కాదు, మీగాలి మీద అడ్డంగా పోకపోతే చాలు. పైన మడమ లాక్ వేశాం, లోపల పాత షూలోది ఇంకో ఇన్‌సోల్ కత్తిరించి వేశాం ఖాళీ తగ్గడానికి. జుగాడే, ఒప్పుకుంటా, ఆ రెండు వారాలకి మాత్రం సరిపోయింది.

మీగాలు మొత్తం ఎత్తుగా ఉన్నవాళ్ళకి ఒక్క కిటికీ చాలదు, వాళ్ళు లేసుని ఇంటూ గుర్తుల్లా కాకుండా అడ్డగీతల్లా కట్టుకోవాలి, అంటే పైనుంచి చూస్తే నిచ్చెన మెట్లలా కనపడాలి, ఒక బెజ్జం నుంచి ఎదురు బెజ్జానికి తిన్నగా, తర్వాత లోపల నుంచి పైకి. దీన్ని లిడియార్డ్ కట్టు అంటారు, న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ పేరు మీద, ఆయన కోచ్‌గా పేరు తెచ్చుకోకముందు షూ ఫ్యాక్టరీలో పనిచేసినవాడే.

ఒక మాట మాత్రం సీరియస్‌గా. షూ విప్పాక పది నిమిషాల్లో తిమ్మిరి పోతే అది లేసు సంగతి. విప్పినా పోకపోతే, లేదా షూ లేనప్పుడూ వస్తుంటే, డాక్టర్‌కి చూపించండి, లేసులతో ఆడుకోకండి. షుగర్ ఉన్నవాళ్ళు అయితే ఇంకా జాగ్రత్త, స్పర్శ తగ్గి ఉంటే షూ కరిచినా తెలియదు, రోజూ వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి రాయో ఇసకో ఉందేమో చూసుకోండి, విప్పాక పాదం మొత్తం చూసుకోండి.

గోరు నల్లబడటం

ఇది నా సొంత కథ. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ జరుగుతుంది కదా, ఊళ్ళో ఫ్లైఓవర్లన్నీ ఎక్కించి దింపుతారు. ఎక్కేటప్పుడు అందరం తిట్టుకుంటాం, కానీ గోళ్ళు పోయేది ఎక్కినప్పుడు కాదు, దిగేటప్పుడు. దిగుతుంటే ఒళ్ళు బరువంతా ముందుకి తోసి పాదం షూలో జారి వేలు కొసకి టక్ టక్ మని కొట్టుకుంటుంది, నిమిషానికి కొన్ని పదులసార్లు. నేను ఆ రోజు ఏం చేశానంటే, సరిగ్గా సరిపోయిన షూ వేసుకున్నాను, అంటే ఆఫీసు షూ లాగా సరిపోయింది. ఆ షూ కొన్న షాపులో అబ్బాయి మడమ వెనక వేలు దూర్చి చూసి "పర్ఫెక్ట్ సార్" అన్నాడు, నేనూ నమ్మాను. దానికి తోడు చినుకులు, సాక్స్ తడిసి ముద్ద. గచ్చిబౌలి చేరేసరికి రెండు గోళ్ళ కిందా రక్తం చేరి వంకాయ రంగు. తర్వాత రెండు నెలల్లో ఒకటి, ఆ తర్వాత ఇంకోటి ఊడిపోయాయి, మళ్ళీ పూర్తిగా రావడానికి ఏడాది దాటింది.

దీనికి ఇంటర్నెట్‌లో ఒక కట్టు చూపిస్తారు, లేసు ఒక కొసని బొటనవేలికి దగ్గరున్న కింది బెజ్జం నుంచి ఐమూలగా అవతలి వైపు అన్నిటికన్నా పై బెజ్జానికి తీసుకెళ్ళి, రెండో కొసతో మిగతా బెజ్జాలన్నీ అల్లడం, అప్పుడు ఐమూల లేసు లాగితే వేలి మీద గుడ్డ పైకి లేస్తుంది అని. నేను చేసి చూశాను. గుడ్డ గోరు పైన రాసుకుంటుంటే కొంచెం పనిచేస్తుంది, వేలు ముందు కొసకి గుద్దుకుంటుంటే ఏ మాత్రం పనిచేయదు, పైకి లేపితే పొడవు పెరగదు కదా. గుద్దుకునేవాళ్ళకి పనికొచ్చేది మడమ లాక్, అది పాదాన్ని వెనక్కి పట్టి ఉంచుతుంది, అది కూడా చాలకపోతే హాఫ్ సైజు పెంచడం తప్ప దారి లేదు. గోళ్ళు తిన్నగా, పొట్టిగా, పరుగుకి రెండు మూడు రోజుల ముందే కత్తిరించుకోండి, ముందు రాత్రి లోతుగా కత్తిరించి పొద్దున్నే పరిగెడితే అదో నరకం.

వేళ్ళ పక్కన ఒత్తుకుంటుంటే

చిటికెన వేలి పక్కన ఒరుసుకోవడం, బొటనవేలి మొదట్లో ఎముక బయటికి వచ్చి అక్కడ నొక్కుకోవడం, ఈ రెంటికీ పని సులువు. లేసు మొత్తం తీసేసి, వేళ్ళకి దగ్గరున్న మొదటి జత బెజ్జాలు వదిలేసి రెండో జత నుంచి మొదలుపెట్టండి. ముందు భాగం వెంటనే తెరుచుకుంటుంది, కట్టుకుని నాలుగడుగులు వేస్తే తేడా తెలుస్తుంది. అప్పటికీ నొక్కుతుంటే అది వెడల్పు చాలని షూ, వాకింగ్‌కి వాడుకోండి, లేదా సన్నపాదం ఉన్న తమ్ముడికి ఇచ్చేయండి.

ముడి ఊడిపోవడం

చిన్నప్పుడు శనివారం వైట్ డ్రెస్, కాన్వాస్ షూ, చాక్‌పీస్‌తో తెల్లగా రుద్దుకుని, పీటీ సార్ చూస్తుండగా హడావిడిగా నేర్చుకున్న ముడి మనది, అప్పటినుంచి మళ్ళీ దాని జోలికి పోలేదు, కాబట్టి మనలో చాలామంది ముడి తప్పుగా వేస్తాం. కట్టుకున్నాక పైనుంచి చూడండి. రెండు కుచ్చులూ షూకి అడ్డంగా, ఎడమకీ కుడికీ పడితే ముడి మంచిది. ఒకటి వేళ్ళ వైపు, ఒకటి చీలమండ వైపు, నిలువుగా తిరిగిపోతే అది వదులు ముడి, ఎంత బిగించినా ఊడుతుంది. దీనికి మీరు కుచ్చు వేసే పద్ధతి మార్చుకోనక్కర్లేదు, ముప్పై ఏళ్ళ అలవాటు మారదు కూడా, మొదటి సగం ముడి మాత్రం తిరగేయండి. ఎడమది కుడి మీదుగా వేసేవాళ్ళైతే కుడిది ఎడమ మీదుగా వేయండి, మిగతాదంతా మామూలే. మొదటి రెండు రోజులు చెయ్యి తడబడుతుంది, అంతే.

2017లో కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్కిలీ వాళ్ళు ఇదే విషయం మీద పేపర్ రాశారు, లేసు ఎందుకు ఊడుతుంది అని, నిజంగానే. ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి స్లో మోషన్‌లో తీస్తే, పాదం నేలకి తగిలినప్పుడు గురుత్వాకర్షణకి ఏడింతల దెబ్బ పడుతుందట, ఆ దెబ్బకి ముడి సాగి వదులవుతుంది, అదే సమయంలో కాలు ఊపుకి లేసు కొసలు కొరడాలా కొట్టుకుంటూ ముడిని లాగుతుంటాయి. చాలాసేపు ఏమీ కానట్టే ఉండి, ఒకసారి వదులు మొదలయ్యాక సెకన్లలో ఊడిపోతుంది. అందుకే ఊడే ముందు మనకి ఏమీ తెలియదు. కాబట్టి పొడుగ్గా వేలాడే కొసల్ని కింది లేసు వరసలోకి దోపేయండి, ఊగకపోతే లాగవు. డబుల్ ముడి వేస్తే ఇంకా మంచిది, తడిస్తే విప్పడం చచ్చే చావు అనుకోండి.

ఇంకొన్ని

నాలిక పక్కకి జారిపోయి లేసు నేరుగా మీగాలికి తగలడం చాలామందికి ఉంటుంది. నాలిక మధ్యలో చిన్న పట్టీ ఉందేమో చూడండి, ఉంటే అందులోంచి లేసు దూర్చండి, చాలామంది దాన్ని చూడనే చూడరు. లేకపోతే మీ వీధి చివర చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్ళి చిన్న గుడ్డ పట్టీ కుట్టించండి. మా వీధిలో ఆయన కుట్టిన పట్టీ షూ కన్నా గట్టిగా ఉంది, సోల్ పోయాక కూడా అది అలాగే ఉంది.

బొబ్బలకి షూని తిట్టేముందు సాక్స్ చూడండి. మన ఉక్కపోతకి కాటన్ సాక్స్ చెమట పీల్చుకుని తడిగా అలాగే ఉండిపోతాయి, తడి చర్మం త్వరగా ఒరుసుకుపోతుంది, పరుగుకి పాలిస్టర్, నైలాన్ కలిసిన పల్చటి సాక్సే మేలు. విశాఖ బీచ్ రోడ్డు మీద పరిగెత్తేవాళ్ళకైతే ఇసక ఒకటి ఎక్స్‌ట్రా, మధ్యలో ఆగి దులుపుకోండి, టైమ్ పోతుందని చూస్తే వారం పోతుంది. దూరం పరుగులకి వేళ్ళ మధ్య, మడమ వెనక కాస్త వ్యాసలిన్ రాసుకుంటే చాలు. వానలో తడిసిన షూని ఎండలో పెట్టొద్దు, లోపల న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి ఫ్యాన్ కింద పెట్టండి, పేపర్ తడిసినకొద్దీ మార్చండి.

విప్పేటప్పుడు లేసు విప్పకుండా ఒక కాలితో ఇంకో మడమ తొక్కి లాగేసే అలవాటు నాకూ ఉండేది. దాంతో మడమ గిన్నె నలిగి వదులైపోతుంది, ఆ తర్వాత ఏ లాక్ వేసినా పట్టదు.

ఆఖరిగా రేసు రోజు. కొత్త కట్టు ఏదైనా ముందు రెండు మూడు చిన్న పరుగుల్లో చూసుకోండి, రేసు పొద్దున స్టార్టింగ్ లైన్ దగ్గర ప్రయోగాలు వద్దు. పదిహేను కిలోమీటర్లు దాటాక పాదం ఉబ్బుతుంది కాబట్టి మొదట్లో కాస్త వదులుగానే కట్టుకోండి, కింది వరసలు మరీ వదులుగా, పైన లాక్ మాత్రం గట్టిగా. ఏ బిగువు సరిపోయిందో మళ్ళీ గుర్తుండదు కదా, అందుకని ఒక మంచి లాంగ్ రన్ అయ్యాక, విప్పకముందే, లేసు ఆఖరి బెజ్జంలోంచి బయటికి వచ్చే చోట మార్కర్‌తో చుక్క పెట్టుకోండి, తర్వాత ఎప్పుడు కట్టినా ఆ చుక్క బెజ్జం దగ్గరికి వచ్చేదాకా లాగితే సరి. నా షూకి ఎడమది నల్ల చుక్క, కుడిది నీలం, మార్కర్ మధ్యలో అయిపోయింది, కుడి కాలిది మా పాప స్కెచ్ పెన్.